ఆఫర్ లెటర్ సరే, డబ్బెవరు పెడుతున్నారు?

పద్దెనిమిదేళ్లు నిండని చెన్నై కుర్రాడికి యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బు కాంట్రాక్టు ఇస్తానంటోందని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా బదిలీ నిబంధనల్లో 19వ ఆర్టికల్ ఈ సంగతి ఎప్పుడో తేల్చేసింది. ఒక దేశం వదిలి ఇంకో దేశపు క్లబ్బులో చేరాలంటే ఆటగాడికి 18 నిండాలి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పని మీద ఆ దేశానికి కాపురం మారిస్తే పిల్లాడు అక్కడ ఆడుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్యే మారేవాళ్లకి 16 చాలు. సరిహద్దు పక్క ఊళ్లవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. వ్యాసర్పాడిలోనో కొరుక్కుపేటలోనో ఉండే పిల్లాడికి ఇందులో ఏదీ అక్కరకు రాదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఉత్తర చెన్నై తెలుగిళ్లలో "మావాడికి స్పెయిన్ నుంచి లెటరొచ్చింది" అన్న మాట వెంటే "చీటీ పాడేద్దామా, గాజులు కుదువ పెడదామా" అన్న మాట కూడా వస్తోంది. లెటర్ చదవకముందే డబ్బు లెక్క మొదలవుతుంది. ఆ లెక్క మొదలెట్టకముందు ఒక్క ప్రశ్న అడగమని నా మనవి: ఈ ప్రయాణానికి డబ్బెవరు పెడుతున్నారు?

అలాంటి లెటర్ ఒకటి ముందు పెట్టుకుని చూద్దాం. పైన క్లబ్బు లోగో రంగుల్లో ఉంటుంది. మొదటి పేరాలో అభినందనలు. రెండో పేరాలో రెండు వారాల ట్రయల్ తేదీలు. మూడో పేరాలో అసలు విషయం: వసతి, శిక్షణ, వీసా సాయం కలిపి ఇన్ని వేల యూరోలు, ఫలానా తేదీలోగా కట్టకపోతే అవకాశం ఇంకొకరికి పోతుంది. మెయిల్ వచ్చింది క్లబ్బు వెబ్‌సైటు చిరునామా నుంచి కాదు, జీమెయిల్ నుంచి. డబ్బు పంపమన్న ఖాతా ఆ క్లబ్బున్న దేశంలోనే ఉండదు. ఇవన్నీ పక్కన పెట్టినా ఒక్క పరీక్ష చాలు. పిల్లాడి పేరు తీసేసి పక్కింటి పిల్లాడి పేరు రాసి చూడండి. లెటర్ అతనికీ అంతే సరిపోతే, వాళ్లు మీవాడి ఆట చూడనే లేదు. నిజంగా చూసినవాళ్లు ఏ మ్యాచ్‌లో చూశారో, ఏ పొజిషన్‌కి అనుకుంటున్నారో రాస్తారు. "ఎడమవైపు వింగ్ బ్యాక్‌గా ఆడించి చూడాలనుకుంటున్నాం" అని రాసిన మనిషి ఎవరో గ్రౌండు పక్కన నిలబడి చూశాడన్నమాట, కాకపోతే వీడియో అయినా చివరిదాకా చూశాడు.

ఆటగాడు కావాలనుకున్న క్లబ్బు తానే ఖర్చు పెట్టుకుంటుంది. విమానం టికెట్, బస, ఇన్సూరెన్స్ అన్నీ అదే చూసుకుంటుంది. డబ్బు ఆటగాడి జేబులోంచి క్లబ్బు వైపు పోతోందంటే అది ఉద్యోగం కాదు, మీరు ఏదో కొనుక్కుంటున్నారు. కొన్న వస్తువు మంచిదే కావచ్చు. యూరప్‌లో ఫీజు తీసుకుని ఆట, చదువు రెండూ నేర్పే ప్రైవేటు అకాడమీలు చాలా ఉన్నాయి, అన్నీ మోసాలు కావు. స్తోమత ఉన్న ఇంటివాళ్లు తెలిసే పంపితే నాకు అభ్యంతరం లేదు. కాని దాన్ని "క్లబ్బు తీసుకుంది" అని అమ్మడం, దానికోసం ఆటో నడిపే తండ్రి అప్పు చేయడం, ఈ రెండూ చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఏజెంటు సంగతికొస్తే, ఫిఫా 2023 నుంచి లైసెన్సు పరీక్ష మళ్లీ తప్పనిసరి చేసింది. లైసెన్సున్న వాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరు లేకపోతే ఆ మనిషి మీ బంధువైనా, మాజీ ఆటగాడైనా సరే, బేరం మాట్లాడే హక్కు అతనికి లేదు. పేరున్నా సరే, అతనితో మీరు రాసుకునే ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. మైనరైతే తల్లిదండ్రుల సంతకం లేకుండా అది చెల్లదు. "ముందు అడ్వాన్సు ఇవ్వండి, తర్వాత క్లబ్బు వెతుకుతాను" అనేవాడితో మాట అక్కడితో ఆపేయండి.

వెళ్లాలన్న కోరిక మాత్రం తప్పేం కాదు. ఇక్కడి పరిస్థితి చూస్తే ఎవరికైనా పుడుతుంది. 2025 జులైలో ఇండియన్ సూపర్ లీగ్ కొత్త సీజన్‌ని నిర్వాహకులు నిలిపేశారు. భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో వాళ్లకున్న హక్కుల ఒప్పందం ఆ డిసెంబరులో ముగియాల్సి ఉంది, తర్వాత ఏమిటో అప్పటికి తేలలేదు. బెంగళూరు ఎఫ్‌సీ లాంటి క్లబ్బే మొదటి జట్టు జీతాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. 2018-19లో ఐ-లీగ్ గెలిచిన చెన్నై సిటీ ఎఫ్‌సీలో 2019లో స్విట్జర్లండు క్లబ్బు ఎఫ్‌సీ బాసెల్ 26 శాతం వాటా కొన్నప్పుడు, మన పిల్లలకి యూరప్ దారి తెరుచుకుందని చాలామంది అనుకున్నారు. 2020-21 సీజన్ తర్వాత ఆ చెన్నై జట్టే జాతీయ లీగులో లేకుండా పోయింది. ఇదంతా చూసిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు బయటికి చూడకుండా ఎలా ఉంటాడు?

అయితే వెళ్లినవాళ్ల దారి ఒకసారి చూడాలి. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు 2014లో నార్వేలో స్టాబెక్ క్లబ్బుకి వెళ్లాడు. అక్కడి లీగులో మొదటి మ్యాచ్ ఆడింది 2016 మేలో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రాక్టీసు, రిజర్వు మ్యాచ్‌లు, కప్పు మ్యాచ్‌లు, చలి. ఆ నిరీక్షణ వృథా పోలేదు. అదే ఏడాది యూరోపా లీగ్ క్వాలిఫయర్‌లో ఆడి, ఆ పోటీలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. 2017లో బెంగళూరుకి తిరిగొచ్చేనాటికి దేశంలో అతనికి పోటీ లేదు. గోల్‌కీపర్ వృత్తి పొడుగైనది కాబట్టి రెండేళ్లు కూర్చున్నా నిలబడగలిగాడని నా అభిప్రాయం. పంతొమ్మిదేళ్ల వింగరుకి అదే రెండేళ్లు బెంచీ మీద గడిస్తే ఆట తుప్పు పడుతుంది.

సునీల్ ఛేత్రి కథ అందరికీ తెలిసిందే అయినా అందులో ఉద్యోగ పాఠం చాలామంది చూడరు. 2009లో లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతన్ని తీసుకోవడానికి సిద్ధపడింది. భారత జట్టు ఫిఫా ర్యాంకింగ్‌లో మొదటి 70లో లేదని బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. క్లబ్బు సరేనన్నా దేశం ఒప్పుకోలేదు. 2012లో స్పోర్టింగ్ లిస్బన్‌కి వెళితే బి జట్టులో మూడు మ్యాచ్‌లే దక్కాయి, మరుసటి ఏడాది తిరుగుముఖం పట్టాడు. అప్పటికే అతను భారత జట్టు కెప్టెన్. సందేశ్ జింగన్ 2021లో క్రొయేషియా క్లబ్బు షిబెనిక్‌లో చేరి, గాయపడి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 2022 జనవరిలో వెనక్కి వచ్చాడు. వీళ్లెవరూ ఆటలో తక్కువవాళ్లు కాదు. ఇలా జరిగినప్పుడు తట్టుకోవడానికి వాళ్లకి ఇక్కడ పేరుంది, ఎదురుచూసే క్లబ్బుంది. వ్యాసర్పాడి కుర్రాడికి ఆ రెండూ ఉన్నాయా అన్నది చూసుకోవాలి.

ఐర్లండు పిల్లలు ఇప్పుడు ఇలాంటి సంకటంలోనే ఉన్నారు. తరాల తరబడి డబ్లిన్ కుర్రాళ్లు పదహారేళ్లకే పెట్టె సర్దుకుని ఇంగ్లండు క్లబ్బులకి వెళ్లేవాళ్లు. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి, 18 నిండకుండా ఇంగ్లండు వెళ్లే దారి మూసుకుపోయింది. దాంతో కొందరు ఇటలీ వైపు చూశారు. కెవిన్ జెఫీ 2021లో ఇంటర్ మిలాన్‌కి, జేమ్స్ అబాంక్వా 2022లో ఉడినేసేకి వెళ్లారు. ఇంకొందరు ఇంటిదగ్గరే ఉండిపోయి, పదహారేళ్లకే పెద్దవాళ్ల లీగులో భుజం భుజం కలిపి ఆడారు. మేసన్ మెలియా అలా డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్స్ అథ్లెటిక్‌కి ఆడుతూనే టోటెన్‌హామ్‌ని ఒప్పించాడు. 2025లో ఒప్పందం కుదిరింది, 18 నిండాక 2026లో వెళ్లేట్టు. ఆ దేశపు లీగు చరిత్రలోనే అది రికార్డు ధర.

జెఫీ దారి మన పిల్లలకి లేదు. అది యూరోపియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లది. మెలియా దారి మాత్రం చెన్నైలోనూ నడవొచ్చు. పదహారు నుంచి పద్దెనిమిది దాకా ఆ రెండేళ్లు ట్రయళ్ల వెంట తిరక్కుండా చెన్నై సీనియర్ డివిజన్‌లో మీసాలొచ్చిన డిఫెండర్ల మీద ఆడాలి. రాష్ట్ర అండర్-20 జట్టుకి, వీలైతే రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ జట్టుకి ప్రయత్నించాలి. రిలయన్స్ డెవలప్‌మెంట్ లీగులో ఏదో ఒక క్లబ్బు రిజర్వు జట్టుకి ఆడాలి. ఆ లీగు నుంచే 2022లో బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ కుర్రాళ్లు బ్రిటన్ వెళ్లి అక్కడి ప్రీమియర్ లీగ్ క్లబ్బుల యువ జట్లతో ఆడొచ్చారు. వాళ్ల ఇళ్లలో ఎవరూ గాజులు కుదువ పెట్టలేదు.

ఆడపిల్లల విషయంలో నా మాట వేరు. ప్రస్తుతం వాళ్లకే దారి కాస్త తెరిచి ఉంది, ఇంట్లోవాళ్లు ఆ సంగతి ఇంకా గుర్తించలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య గోకులం కేరళకి ఆడి, ట్రయల్‌లో నెగ్గి, 2022లో క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తోడుగా మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ ఉంది. తిరిగొచ్చాక సౌమ్య ఈస్ట్ బెంగాల్‌లో చేరింది, ఆ జట్టు 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ క్లబ్బు అపోలన్ లేడీస్‌కి వెళ్లి, మహిళల ఛాంపియన్స్ లీగులో ఆడిన తొలి భారతీయురాలైంది, తర్వాత గ్రీసులో పావోక్‌కి మారింది. వీళ్లు ఎంచుకున్న దేశాలు చూడండి: క్రొయేషియా, సైప్రస్, గ్రీసు. పెద్ద పేర్లు కావు. కాని మైదానంలో దిగే వీలున్న చోట్లు. ముందు ఇక్కడి సీనియర్ లీగులో గెలిచి, ఆ బలంతో వెళ్లారు. మధురై సేతు ఎఫ్‌సీ 2019లో ఇదే లీగు గెలిచిందంటే తమిళనాడులో అమ్మాయిలకి మెట్టు ఎంత దగ్గర్లో ఉందో అర్థమవుతుంది.

పెద్ద లీగుల తలుపు మగపిల్లలకి ఎందుకు బిగుసుకుని ఉంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. స్పెయిన్ మొదటి డివిజన్‌లో మ్యాచ్‌కి దిగే జట్టులో యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు ముగ్గురికే చోటు. ఆ మూడు చోట్లకీ బ్రెజిల్, అర్జెంటీనా వాళ్లు క్యూలో ఉంటారు. నెదర్లాండ్స్‌లో ఇరవై నిండిన బయటి ఆటగాడికి అక్కడి పై లీగు సగటు జీతానికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. అంత డబ్బు తెలియని కుర్రాడి మీద ఎవరూ పెట్టరు. కాబట్టి "హాలండులో మూడో డివిజన్ క్లబ్బు, జీతం తర్వాత మాట్లాడదాం" అని ఎవరైనా అంటే, వాళ్లకి ఆ దేశపు నిబంధనలైనా తెలియవు, లేదా మీకు తెలియవని వాళ్ల ధీమా. వీసా విషయమూ అంతే. షెంజెన్ షార్ట్ స్టే వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. దాని మీద జీతానికి ఆడటం కుదరదు. "ముందు టూరిస్టుగా వచ్చెయ్, పర్మిట్ తర్వాత చూద్దాం" అన్న మాట విని విమానమెక్కిన పిల్లాడు అక్కడ క్లబ్బు దయ మీద బతకాలి.

నిజమైన కాంట్రాక్టే చేతికొచ్చిందనుకుందాం. సంతోషం. సంతకం పెట్టేముందు ఒక వారం గడువు అడగండి, ఇవ్వనంటే అదొక సమాధానం. కాగితం మీకొచ్చిన భాషలో ఉండాలి, కనీసం ఇంగ్లీషులోనైనా. జీతం అన్న చోట పన్నుకి ముందా, చేతికొచ్చేదా అన్నది రాయించుకోండి, యూరప్‌లో ఆ రెండింటి మధ్య తేడా మూడో వంతు దాటడం మామూలే. ఇల్లు, ఏడాదికి ఒక రానుపోను టికెట్ ఎవరివి? మోకాలి లిగమెంటు తెగితే ఆపరేషన్ ఎవరు చేయిస్తారు, కోలుకునే నెలల్లో జీతం ఆగదని ఎక్కడ రాశారు? "మెడికల్ పాసైతేనే, వర్క్ పర్మిట్ వస్తేనే ఈ కాంట్రాక్టు చెల్లుతుంది" అన్న వాక్యం కొన్ని కాంట్రాక్టుల్లో దూరుస్తారు. ఫిఫా నిబంధనల ప్రకారం అలాంటి షరతు పెట్టకూడదు. ఆ పరీక్షలన్నీ సంతకానికి ముందే ముగించుకోవాల్సిన బాధ్యత క్లబ్బుది. ఆ వాక్యం కనిపిస్తే తీసేయమని అడగడానికి మొహమాటపడొద్దు.

రెండు నెలల జీతం బాకీ పడితే రాతపూర్వకంగా నోటీసిచ్చి, 15 రోజుల గడువు తర్వాత కూడా ఇవ్వకపోతే, ఆటగాడు కాంట్రాక్టు రద్దు చేసుకుని బయటపడొచ్చు. ఫిఫా వివాద పరిష్కార విభాగంలో ఫిర్యాదు చేయడానికి ఆటగాడికి కోర్టు ఖర్చు ఉండదు, కాని రెండేళ్లలోపు చేయాలి. అందుకే ప్రతి జీతం స్లిప్పూ, బ్యాంకు స్టేట్‌మెంటూ, వాట్సాప్ మాటలూ దాచుకోవాలి. నోటిమాటగా ఒప్పుకున్న బోనసు తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది, ప్రపంచ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రోలో సభ్యత్వం ఉన్న సంస్థ. సంతకానికి ముందు వాళ్లకి కాంట్రాక్టు చూపించడం సిగ్గుపడాల్సిన పని కాదు.

పిల్లాణ్ణి పెంచిన కోచ్ గురించి కూడా ఒక మాట. మగవాళ్ల ఆటలో కుర్రాడు వేరే దేశంలో మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్టు చేస్తే, 12 ఏళ్ల నుంచి 21 దాకా నేర్పిన క్లబ్బులకి శిక్షణ పరిహారం రావాలి. నేర్పినప్పటి వయసుని, యూరప్ క్లబ్బు స్థాయిని బట్టి అది ఏడాదికి 10,000 యూరోల నుంచి 90,000 దాకా ఉంటుంది. అన్నిటికన్నా కింది వర్గం క్లబ్బయితే ఏమీ రాదు. తర్వాత ఎప్పుడైనా అతన్ని డబ్బిచ్చి కొంటే ఆ మొత్తంలో 5 శాతం నేర్పిన క్లబ్బులు పంచుకుంటాయి. అయితే పిల్లాడి పేరు ఆ ఏళ్లలో ఫెడరేషన్ రిజిస్ట్రేషన్‌లో ఆ క్లబ్బు కిందే నమోదై ఉండాలి. పేట గ్రౌండుల్లో బూట్లు కొనిచ్చి, టిఫిన్ పెట్టి నేర్పే కోచ్‌లు చాలామంది ఈ నమోదు పట్టించుకోరు. పట్టించుకుంటే ఆ డబ్బుతో ఇంకో ఇరవైమంది పిల్లలు ఆడతారు. పరిహారం పేరు చెప్పి, క్లబ్బు వదలడానికిచ్చే ఎన్‌వోసీకి తల్లిదండ్రుల దగ్గర డబ్బడగడం మాత్రం అన్యాయం. పరిహారం ఇవ్వాల్సింది కొత్త క్లబ్బు, ఇంటివాళ్లు కాదు.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టే విషయం. చెన్నైలో ఫుట్‌బాలర్‌కి యాభై ఏళ్లుగా అన్నం పెట్టింది క్లబ్బులు కాదు, ఆఫీసు జట్లు. ఐసీఎఫ్, సదరన్ రైల్వే, ఇండియన్ బ్యాంక్, ఇన్‌కంటాక్స్, ఏజీస్ ఆఫీస్. మైదానంలో గోల్ కొట్టి, మర్నాడు ఆఫీసులో సంతకం పెట్టి, అరవై దాకా జీతం తీసుకున్నవాళ్లు ఉత్తర చెన్నైలో వీధికొకరుంటారు. రైల్వే స్పోర్ట్స్ కోటాకి వయసు 18 నుంచి 25, సడలింపు లేదు. అదీగాక ప్రస్తుత ఏడాది, దానికి ముందు రెండు ఆర్థిక సంవత్సరాల్లో సాధించినవే లెక్కలోకొస్తాయి: దేశానికి ఆడటం, సీనియర్, జూనియర్ జాతీయ పోటీలు, యూనివర్సిటీ పోటీలు. యూరప్‌లో ఏదో ప్రాంతీయ లీగులో మూడేళ్లు ఆడానన్న సర్టిఫికెట్ ఆ జాబితాలో లేదు.

ఇరవై రెండేళ్లకి వెళ్లి ఇరవై ఐదుకి తిరిగొచ్చిన కుర్రాడికి ఆట ఉంటుంది, కోటా పోతుంది. పందొమ్మిదికి వెళ్లి ఇరవై ఒకటికి వస్తే ఇంకా సమయం ఉంటుంది. సంతోష్ ట్రోఫీ ఆడి కోటాకి పనికొచ్చే కాగితం సంపాదించుకోవచ్చు. కాబట్టి వెళ్లాలనుకుంటే తొందరగా, రెండేళ్ల గడువు పెట్టుకుని వెళ్లాలి. రెండో సీజన్ సగానికల్లా మొదటి జట్టులో ఆడే నిమిషాలు పెరగకపోతే తిరుగు టికెట్ గురించి మాట్లాడుకోవాలి. ఆ మాట వెళ్లకముందే ఇంట్లో అందరూ కూర్చుని అనుకోవాలి, తర్వాత ఫోనులో అనుకుంటే గొడవలవుతాయి. వెళ్లేముందు దూరవిద్యలోనైనా బీకామో బీఏనో పేరు నమోదు చేయించండి. నోటిఫికేషన్ పడిన రోజున పైస్థాయి పోస్టుకి డిగ్రీ అడుగుతారు. పరీక్షల తేదీలు క్లబ్బు సెలవులతో కలుస్తాయో లేదో కాంట్రాక్టు మాట్లాడేటప్పుడే చూసుకోండి. యూరప్‌లో చాలా లీగులకి జూన్‌లో ఆట ఉండదు, ఆ నెలలో రావడానికి వాళ్లూ కాదనరు.